పీరుకిచ్చిన గండి

దేవరకొండ
5 ఫిబ్రవరి 2024

చాంద్‌బీకి,

వదిన అజీజా రాసేది. ఇక్కడ మేం బాగున్నాం అని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. మీ ఆయన, మా మౌలాలి తమ్ముడికి నడుం నొప్పి తగ్గిందా? ఆముదం మర్దన చేయమంటే నవ్వాడు, ఇప్పుడు నవ్వుతున్నాడేమో అడుగు.

ఫోన్ చేయలేదని అలగకు. దూది ఏకే మిషన్ పక్కన ఇన్నేళ్లు కూర్చుని నా చెవులు పోయాయని, చెవి దగ్గర అరిస్తే తప్ప వినబడదని నీకు తెలియనిది కాదు. ఫోన్ వస్తే మీ అన్నే ఎత్తుతాడు. నువ్వు చెప్పినదాంట్లో సగం మింగి, మిగతా సగం "అంత మంచిగనే ఉన్నరట" అని నాకు చేతులతో చూపిస్తాడు. ఉత్తరమైతే మింగలేడు.

సంగతి ఏమిటంటే, మన గల్లీ ముందు పెద్ద రోడ్డు నడిమధ్య డివైడర్ కట్టారు. తొడల ఎత్తు గోడ, దాని మీద ఇనుప జాలి. నీకు గుర్తుందిగా, గల్లీ మూతికి ఎదురుగా రోడ్డు అవతలే బస్టాండు. పల్లెల నుంచి, తండాల నుంచి ఆటోలన్నీ అటువైపే వస్తాయి. నెత్తిన పాత పరుపు కట్టుకుని వచ్చిన ఆటో ఇంతకాలం రోడ్డుకు అడ్డంపడి నేరుగా మన షట్టర్ ముందు ఆగేది. ఇప్పుడు పెట్రోల్ బంకు దాటి, అంత దూరం పోయి తిరిగి రావాలి. ఆ మలుపు దగ్గరే అద్దాల తలుపులతో ఫోం పరుపుల షాపు వెలిసింది. దూది ఏకించుకుందామని బయలుదేరిన మనిషి అక్కడికి వచ్చేసరికి పాతది పారేసి కొత్తది కొనుక్కుంటున్నాడు. మన ఆటో భిక్షమే చెప్పాడు, "అక్కా, నేనేం జేద్దు, ఆళ్లు ఆడనే దిగుతమంటున్నరు" అని.

నర్సింగమ్మ గాజుల దుకాణంలో ఈగలు. మోటార్లు చుట్టే పరశురాములు మధ్యాహ్నానికే షట్టర్ దించి పడుకుంటున్నాడు. మీ అన్న మాత్రం నడవని మిషన్‌కు రోజూ నూనె పెడుతున్నాడు. వానలు పడేదాకా చూస్తాడట, అప్పటికీ ఇలాగే ఉంటే మిషన్ విప్పేస్తాడట. మా మామ, అంటే మీ బాపు, పెట్టిన మిషన్ అది. దుకాణం పోతే ఈయన ఏమైపోతాడో అని నాకు భయంగా ఉంది చాంద్‌బీ.

మీ కొత్తకోటలో డివైడర్ ముందే వచ్చింది. అయినా మీ టీ హోటల్ నిలబడిందంటే ఏదో ఉపాయం చేసి ఉంటారు. అదేమిటో రాయి. నీ టీ రుచి వల్ల మాత్రం కాదని నాకు తెలుసు.

నీ వదిన
అజీజా


కొత్తకోట
14 ఫిబ్రవరి 2024

వదినా,

నా టీని ఎగతాళి చేయకపోతే నీకు ఉత్తరం పూర్తికాదు. మీ ఇంట్లో బొంత కప్పుకుని పడుకున్నవాడు పొద్దున లేచి తన కాళ్లు వెతుక్కుంటాడు, అంత కురచ. నేనెప్పుడైనా అన్నానా?

అన్న గురించి ఫికర్ చేయకు. ఉపాయం ఉంది. అడగందే అమ్మయినా పెట్టదు, కానీ ఎలా అడగాలో తెలియాలి. దుకాణాల కోసం డివైడర్‌కు గండి కావాలని మాత్రం అనకు. దుకాణం అనగానే ఆఫీసర్లకు కనబడేవి మన మెట్లు, రేకులు, బయట పెట్టుకున్న బల్లలు. రోడ్డు మీదికి ఎంత జరిగామో టేపు తీసి కొలవడం మొదలుపెడతారు. గండి అడగబోయి ఉన్న మెట్లు పోగొట్టుకుంటావు.

మేం ఏం చేశామో చెబుతాను విను. జాతరకు పోయే ఎడ్లబండ్లు తాతల నాటి నుంచి మా హోటల్ ముందే రోడ్డు దాటుతాయని, వాటి దారి మూస్తే ఊరికి అరిష్టమని నలుగురం పోయి చెప్పాం. దేవుడి పేరు వినగానే ఆఫీసరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నెల తిరక్కుండా గండి కొట్టారు. జాతర బండ్లు ఏడాదికోసారి పోయాయి, లారీలవాళ్లు మాత్రం రోజూ వచ్చారు.

మన గల్లీ చివర పీర్ల కొట్టం ఉంది కదా. పీర్ల పండుగ చివరి రోజు సవారీ గల్లీలోంచి వచ్చి, రోడ్డు దాటే చెరువుకు పోతుంది. పైగా పెద్ద పీరును ఎత్తుకునేది మా అన్నే, అంతకుముందు మా బాపు. ఇంతకన్నా ఏం కావాలి? దరఖాస్తు పీరు పేరు మీద రాయించు. అన్న చేత మొదటి సంతకం పెట్టించు. గండి పడ్డాక దాంట్లోంచి పీరు పోతుందో పరుపు పోతుందో ఎవరు చూడొచ్చారు?

మౌలాలి ఆముదం రాయించుకుంటున్నాడు. నీకే సలాం చెప్పమన్నాడు.

నీ ఆడబిడ్డ
చాంద్‌బీ


దేవరకొండ
22 మార్చి 2024

చాంద్‌బీకి,

ఉపవాసం నోటితో రాస్తున్నాను కాబట్టి ఈసారి తిట్లు తక్కువుంటాయి.

దరఖాస్తు ఇచ్చాం. గల్లీలో షట్టరు ఉన్న ప్రతివాళ్లూ సంతకం పెట్టారు. నర్సింగమ్మ వేలిముద్ర వేసి, ఆ సిరా నా కొంగుకే తుడిచింది. అందరికన్నా మీ అన్న దగ్గరే కష్టమైంది. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పీరు పేరు మీద అడుగుడు నాకు మంచిగ అనిపిస్తలేదు" అన్నాడు. చాంద్‌బీ వాళ్లు అలా అడిగే తెచ్చుకున్నారు, వాళ్లు దేవుడికి కానివాళ్లా అని నేను గట్టిగా అరిచాను. నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు, గల్లీ మొత్తం తలుపుల్లోకి వచ్చింది. చివరికి సంతకం పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఇంతలో ఎలక్షన్ కోడ్ వచ్చిపడింది. ఓట్లు అయ్యేదాకా రోడ్డు మీద గడ్డపార వేయరాదట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా ఉంది.

ఒక మాట అడగనా? మొన్న భిక్షం పెళ్లి సామానుతో మీ కొత్తకోటకు వచ్చాడు. మీ చేతి టీ తాగుదామని వస్తే హోటల్‌కు తాళం ఉందట. మీ అన్న ఆ మాట పట్టుకుని, వాళ్ల హోటలే నడవట్లేదు, వాళ్ల సలహా మనకెందుకు అంటున్నాడు. ఉపవాసాల్లో పగలు టీ కొట్టు తెరిచి కూర్చుంటారా అని నేను కోప్పడ్డాను. నేనన్నది నిజమే కదా?

నీ వదిన
అజీజా


కొత్తకోట
2 ఏప్రిల్ 2024

వదినా,

నువ్వన్నదే. ఉపవాసాలు కదా.

అన్నకు చిన్నప్పటి నుంచి అన్నీ అనుమానాలే. బాపు జొన్నరొట్టె ఇస్తే రెండువైపులా తిప్పి చూసుకుని తినేవాడు. దరఖాస్తు ఇచ్చి ఊరుకోవద్దు, ఓట్లు అయిన మర్నాడే పోయి నిలబడండి. పీరుకు పట్టే గొడుగు వెడల్పు చెప్పండి, దప్పులు వాయించేవాళ్లు పక్కన నడుస్తారని చెప్పండి, లేకపోతే మేకపిల్ల దూరేంత గండి కొట్టి పోతారు.

పండుగకు సేమ్యాలు పంపుదామనుకున్నాను, కుదరలేదు. ఏమనుకోకు.

చాంద్‌బీ


దేవరకొండ
24 జూన్ 2024

చాంద్‌బీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

గండి ఇచ్చారు. ఓట్లు అయ్యాక ఆఫీసరు తనే వచ్చాడు. కొట్టం ముందు బూట్లు విప్పి దండం పెట్టుకున్నాడు. మీ ఆచారం మేం కాదనమమ్మా అన్నాడట, పరశురాములు నాకు రాసి చూపించాడు. గొడుగు వెడల్పు మీ అన్నే చేతులు చాపి చూపించాడు. గోడ పగలగొట్టారు. నర్సింగమ్మ పనివాళ్లకు మజ్జిగ పోసింది. భిక్షం మొదటి ఆటో తిప్పాడు, దాని మీద చింతపల్లి వాళ్ల పరుపులు. మీ అన్న మిషన్ వేశాడు. నాకు చప్పుడు వినబడకపోయినా అరికాళ్లకు తెలిసింది, నేల అదిరింది. ఆ రోజు నిన్ను ఎంత దీవించానో నీకు తెలియదు.

ఆ వారం గడవకముందే రెండు ఇనుప స్తంభాలు తెచ్చి పాతారు. వాటి మధ్య అడ్డంగా నడుమెత్తు పైపు, దానికి తాళం. పక్కన బోర్డు: పీర్ల పండుగ సవారీ కొరకు మాత్రమే. తాళంచెవి ఆఫీసులో ఉంటుందట. అందరం కలిసి పోయి అడిగాం. ఆఫీసరు కోప్పడలేదు, మన దరఖాస్తే తీసి మన ముందు పెట్టాడు. "మీరడిగింది ఇదే కదా?" అన్నాడట. అందులో ఒక్క దుకాణం పేరు లేదు, ఒక్క పరుపు మాట లేదు. ఇప్పుడు దుకాణాల కోసమంటే, అప్పుడు అబద్ధం రాశారా అంటాడు. ఏ నోటితో అడగాలి?

తిరిగి వస్తుంటే మీ అన్న నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నా కోపం నీ మీద ఉంది, దాచుకోను. ఒక్క మాట సూటిగా రాయి. మీ గండికి కూడా ఇలా పైపు వేశారా, లేదా?

అజీజా


కొత్తకోట
2 జూలై 2024

వదినా,

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ఇంకా దారి మూసుకుపోలేదు.

పండుగ దగ్గరికి వచ్చింది. సవారీ రోజు పైపు తీస్తారు కదా. పీరు ఎత్తుకున్న మనిషి తనలో తాను ఉండడు, పీరే పూని నడిపిస్తుంది, అందరికీ తెలుసు. పీరు ఆగితే ఆగినట్టే, కదిలించేవాడు లేడు. నా చిన్నప్పుడు బాపు ఎత్తుకున్న పీరు బావికి ముళ్లకంప కొట్టిన ఒక పెద్దాయన వాకిట్లో ఆగింది. ఆ కంప తీసేదాకా కదలలేదు. నేను కళ్లారా చూశాను. ఈసారి అన్న ఆ గండిలో ఆగితే చాలు. ఈ దారికి తాళం వద్దని పీరు నోట ఒక్క మాట వస్తే, పోలీసులుగానీ ఆఫీసరుగానీ మళ్లీ పైపు వేసే ధైర్యం చేస్తారా?

అన్నకు నువ్వే చెప్పు. నేను చెప్తే వినడు.

చాంద్‌బీ


దేవరకొండ
20 జూలై 2024

చాంద్‌బీ,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. అది తర్వాత.

నువ్వు రాసింది మీ అన్నకు చూపించాను. చదివి మడిచి ఇచ్చాడు. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నాడనుకున్నాను. నేను నర్సింగమ్మకు చెప్పాను, నర్సింగమ్మకు చెబితే గల్లీకి చెప్పినట్టే. సవారీ రోజు మధ్యాహ్నం నుంచే అందరం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. ఆఫీసరు, పోలీసులు గండికి అటూ ఇటూ ఉన్నారు. పైపు తీసి పక్కన పడుకోబెట్టారు.

ఊదు పొగలో పీర్లు వచ్చాయి. మీ అన్న ముఖం నాకు కొత్తమనిషి ముఖంలా ఉంది. ఆడవాళ్లు బిందెలతో కాళ్ల మీద నీళ్లు పోశారు, పీర్లకు దట్టీ గుడ్డలు కట్టారు. గండి దగ్గరికి వచ్చి ఆయన ఆగాడు. చాంద్‌బీ, నిజంగా ఆగాడు. దప్పులవాళ్ల చేతులు ఆగిపోయాయి. పరశురాములు చేతులు జోడించాడు. ఆఫీసరు నోరు తెరిచి చూస్తున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పీరు రోడ్డు దాటి అవతల ఉంది. చెరువు నుంచి తిరిగొచ్చేటప్పుడు అసలు ఆగనే లేదు. పొద్దు గూకకముందే పైపు వేసి తాళం పెట్టారు.

ఇంటికొచ్చాక అడిగాను. నా చెవి దగ్గరికి వచ్చి, నాకు వినబడేలా చెప్పాడు.

"నా కాళ్లు ఆగినయి అజీజా. పీరు ఆగలే. గా తేడా నాకొక్కనికే తెలుస్తది. గందుకే అబద్ధం చెప్పలేకపోయిన."

నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. ఇంతమంది బతుకులకన్నా నీ తేడా ఎక్కువా అన్నాను. ఆయన చాప పరుచుకుని అటు తిరిగి పడుకున్నాడు. అప్పటి నుంచి నేను మాట్లాడటం లేదు. గల్లీలో ఎవరూ ఆయనతో మాట్లాడటం లేదు. పరశురాములు మొన్న సామాను కట్టుకుని నల్లగొండ పోయాడు, పోతూ మా షట్టర్ వైపు తిరిగి చూడలేదు.

మీ అన్న నిన్ను చూసి వస్తానంటున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. దారిలో చదివితే చదవనీ, నేనేమనుకుంటున్నానో అందులోనైనా తెలుస్తుంది. నువ్వు ఆయనకు కడుపునిండా అన్నం పెట్టు. ఇక్కడ సరిగా తినడం లేదు.

అజీజా


కొత్తకోట
28 జూలై 2024

వదినా,

అన్న వచ్చాడు. నీ ఉత్తరం ఇచ్చాడు. నువ్వడిగిన మాటకు ఇక జవాబు రాయక తప్పదు.

మా గండికి పైపు వేయలేదు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ఆ గండిలోనే లారీ తిరుగుతూ ఒక స్కూటర్‌ను కొట్టింది, మనిషి పోయాడు. మర్నాడే కాంక్రీటు పోసి మూసేశారు. మేం అడగడానికి కూడా పోలేదు. చచ్చిన మనిషి ఇంటి ముందు నుంచి పోయి మా హోటల్ కోసమని ఎలా అడుగుతాం? నిరుడు దీపావళి ముందే హోటల్ మూసేశాం. మౌలాలి లారీల యార్డులో కాపలా ఉంటున్నాడు. నేను హైవే మీద ఒక దాబాలో రొట్టెలు చేస్తున్నాను.

ఉపవాసాలకు మూశామని నువ్వే అన్నావు, నేను అవునన్నాను. ఎందుకు దాచావంటావా? నా పెళ్లిలో నువ్వన్నావు, రోడ్డు పక్క హోటల్ బతుకు రోడ్డు దయ అని. నవ్వులాటకే అన్నావు. ఇన్నేళ్లూ అది నాకు గుచ్చుకుంటూనే ఉంది. నీ ముందు ఓడిపోవడం ఇష్టం లేకపోయింది. మా గండి కొన్నాళ్లయినా అన్నం పెట్టింది కదా, మీది నిలబడుతుందని నిజంగానే అనుకున్నాను. నిన్ను ముంచాలని కాదు వదినా.

అన్న మా హోటల్ తాళం చూసి, పక్కవాళ్లను అడిగి దాబాకు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను పిండిచేతులతో చూసి కదల్లేకపోయాను. టీ తెప్పించుకుని ఒక గుటక తాగి, "చెల్లె, గీ చాయ్ నువ్వే పెట్టినవా? గందుకే నీళ్లున్నయి" అన్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను. దాబావాళ్లు ఎవరో పోయారనుకున్నారు.

మూడు పూటలు ఉన్నాడు. బాగానే తిన్నాడు. రెండో రోజు యార్డులో ట్రాలీ ఆటోల చుట్టూ తిరిగి, వాటి తొట్టి వెడల్పు జానలతో కొలుచుకున్నాడు. నీకు చెబుతాడో లేదో గాని, నాతో అన్న మాట రాస్తున్నాను, ఎందుకంటే ఆయన సగం మింగుతాడని నువ్వే అంటావు. "మన తాత విల్లు భుజానేసుకొని ఊరూరు తిరిగి దూదేకిండు. బాపు మిషన్ పెట్టి గల్లీల కూసున్నడు. మళ్ల లేసి తిరగాలె, గంతే. కూసున్నంత సేపు మంచిగనే ఉండె" అన్నాడు.

ఆయనతో మాట్లాడు వదినా. కోపం నా మీద పెట్టుకో.

చాంద్‌బీ


దేవరకొండ
19 ఆగస్టు 2024

చాంద్‌బీకి,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా తిట్టుకున్నాను. ఎవరిని అని అడగకు, నాకూ సరిగా తెలియలేదు. పెళ్లిలో ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. అన్నదానికి మాత్రం చూడు, గల్లీలో కూర్చున్న మా మీదే వచ్చి పడింది.

మీ అన్నతో మాట్లాడాను. "అన్నం పెట్టనా" అని మాత్రమే అన్నాను, ఆయనకు అదే చాలు.

మొన్న మిషన్ విప్పారు. నేల మీద బిగించిన బోల్టులు తుప్పుపట్టి రాలేదు, కోయించాల్సి వచ్చింది. భిక్షం ఆటో అమ్మి ట్రాలీ ఆటో తెచ్చాడు, దాని మీదే ఎక్కించారు. నర్సింగమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇన్నాళ్లకు మీ అన్నతో ఆమె మాట్లాడిన మొదటి మాట, "పైలం ఖాదరన్నా" అని.

బస్టాండు అవతలి ఊళ్లకు పోవాలన్నా గల్లీలోంచి ఎడమకు తిరిగి, బంకు దాకా పోయి, ఆ ఫోం పరుపుల షాపు ముందే తిరిగి రావాలి కదా. నేను గల్లీ మూతిలోనే నిలబడ్డాను. చాలాసేపటికి డివైడర్ జాలి అవతల ట్రాలీ కనబడింది. పక్కన మీ అన్న మిషన్‌ను ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, పసిపిల్లను పట్టుకున్నట్టు. ఇటు చూసి చెయ్యెత్తాడు. మా మధ్య తాళం వేసిన పైపు ఉంది. లోపలికొచ్చి షట్టర్ దించి ఏడ్చాను.

మొదటి ఊళ్లో రెండు దిండ్లు దొరికాయట, రెండో ఊళ్లో ఏమీ లేదు. బట్టల నిండా దుమ్ముతో వస్తాడు, పడుకోగానే నిద్రపోతాడు. ఇది నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. మిషన్ పోయినా నా చెవుల్లో దాని మోత పోలేదు. ఎవరూ లేని దుకాణంలో అది తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి చూశాను. ఆ పైపు కింద వంగి మనుషులు వస్తున్నారు. బస్సు దిగినవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, కాలేజీ ఆడపిల్లలు, బంకు దాకా ఎవరు నడుస్తారు, తల వంచి ఇటు దూరుతున్నారు. నర్సింగమ్మ బేరం కొద్దిగా లేచింది. పైపు కింద పరుపు దూరదు, మనిషి దూరతాడు. దూరినవాడు నడుం పట్టుకుని, ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు. గల్లీలో టీ కొట్టు లేదు.

ముందు గదిలో బోల్టులు కోసిన గుంతలు అలాగే ఉన్నాయి. సిమెంటు పోస్తానని మీ అన్న అంటే ఆగమన్నాను. పొయ్యి ఎక్కడ పెట్టాలో నువ్వు చూసుకున్నాక పోయించవచ్చు. మౌలాలి తమ్ముడికి ఇక్కడ కూడా కాపలా పని దొరుకుతుంది, ఆముదమూ దొరుకుతుంది. రేపు ఆఫీసుకు పోయి గండికి తాళం తీయమని అడిగేది కూడా ఉంది, ఈసారి నా దుకాణం పేరు మీదే రాసిస్తాను, మెట్లు కొలిస్తే కొలవనీ.

ఈ ఉత్తరం మీ అన్న రాయమనలేదు. పీరు కలలోకి రాలేదు. గల్లీ బాగు కోసం కూడా కాదు. పగలంతా ఆ ఖాళీ గదిలో ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నాను చాంద్‌బీ. నీ నీళ్ల టీ అయినా సరే, నా కోసం రా.

నీ వదిన
అజీజా